స్మృతికి పరీక్ష: గణకయంత్రపు జ్ఞాపకమును నమ్ముట యెట్లు?

మా ముసునూరు, నూజివీడు ప్రాంతములలో వేసవి వచ్చినదన్న మామిడితోటలలో సందడి మొదలగును. కోసిన కాయలను వరిగడ్డి పరచి మాగవేయుదురు. ఈ పనిలో ఆరితేరిన వారు గడ్డి తీసి కాయలను పరీక్షించునపుడు, ఒక్కొక్క కాయను మాత్రమే చూచి ఊరకొనరు. మచ్చపడిన కాయ కనబడగానే దాని ఇరుప్రక్కల కాయలను గూడ చేతబట్టి చూతురు. చెడిన కాయ తాను చెడుటయే గాక పొరుగుకాయను గూడ చెరుపునని వారికి తెలియును. సహవాసదోషమని మన పెద్దలు చెప్పినది ఇదియే.

ఈ దోషము మామిడిపండ్లకును మనుష్యులకును మాత్రమే పరిమితము కాదు. గణకయంత్రపు స్మృతికి, అనగా మనము మెమరీ అని పిలుచుకొను భాగమునకు గూడ ఇది కలదు. దానిని పట్టుటకు కనుగొనబడిన ఉపాయములలో ప్రసిద్ధమైన రెండింటి వెనుక హైదరాబాదులో చదివిన ఒక శాస్త్రజ్ఞుని కృషి కలదు. ఆ కథను మొదటినుండి చెప్పుకొందము.

ఒక్క బిట్టు చేసిన పని

గణకయంత్రము సమస్తమును 0, 1 అను రెండు అంకెలతోనే వ్రాసికొనును. ఇట్టి ఒక్క అంకెకు బిట్టు అని పేరు. ఒక్కొక్క బిట్టు నిలుచు చోటును ఈ వ్యాసమున మనము 'అర' అందము. ఒక అరలో 0 ఉండవలసినచో 1 చేరిన ఏమగును?

2003 మే 18న బెల్జియము దేశమున ఎన్నికలు జరిగినవి. బ్రస్సెల్సు నగరప్రాంతమునందలి షార్‌బేక్‌లో యంత్రములద్వారా వోట్లు లెక్కించగా, ఒక అభ్యర్థికి అసాధ్యమైనన్ని వోట్లు వచ్చినట్లు తేలినది. మరల లెక్కింపగా మొదటి లెక్కలో సరిగా 4,096 వోట్లు అధికముగా చేరినట్లు తెలిసినది. 4,096 అనగా 2 యొక్క 12వ ఘాతము. కుడినుండి 13వ స్థానమున నున్న ఒక్క బిట్టు 0 నుండి 1కి మారిన చాలును, సంఖ్య ఖచ్చితముగా అంతే పెరుగును. నిపుణులు యంత్రమును, దాని ఆదేశక్రమమును ఎంత పరీక్షించినను మరియే తప్పును కనబడలేదు. స్మృతిలో ఒక బిట్టు తనంతట తానే తిరుగబడి యుండుననియే వారు అభిప్రాయపడిరి.

ఆ సంఖ్య అసాధ్యమైనది కనుక దొరకినది. అదే బిట్టు కుడినుండి ఐదవదై యున్నచో 16 వోట్లు మాత్రమే పెరిగి యుండెడివి. ఎవరికిని అనుమానము కలిగెడిది కాదు. వోట్లలెక్క, బ్యాంకుఖాతా, ఆసుపత్రిలో రోగికి ఇయ్యవలసిన మందు మోతాదు, విద్యార్థుల మార్కులు ఇవన్నియు నేడు ఇట్టి అరలలోనే నిలిచియున్నవి. కావున స్మృతిని నిర్మించుట ఎంత ముఖ్యమో, అది నమ్మదగినదని నిరూపించుట అంత ముఖ్యము.

ఉంగరముల స్మృతి

తొలి గణకయంత్రములకు మంచి స్మృతి లేదు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థయందు నిర్మింపబడిన 'వర్ల్‌విండ్' అను యంత్రములో మొదట శూన్యనాళికలవంటి గొట్టములను స్మృతిగా వాడిరి. అవి తరచుగా చెడిపోవుచుండెను. జే ఫారెస్టర్ అను ఇంజనీరు వానికి బదులుగా ఫెర్రైట్ అను అయస్కాంతపదార్థముతో చేసిన చిన్నచిన్న ఉంగరములను వాడదలచెను. అయస్కాంతవలయములతో సంకేతములను నిలువచేయు విద్యలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆన్ వాంగ్ అంతకుముందే 1949 ప్రాంతమున కృషిచేసి యుండెను.

ఈ స్మృతి పనిచేయు విధము తేటగా నుండును. ఉంగరమును ఒకదిశలో అయస్కాంతీకరించిన అది 0, ఎదురుదిశలో అయస్కాంతీకరించిన 1. ఉంగరములను నిలువుగను అడ్డముగను సాగు తీగల కూడలులయందు గ్రుచ్చుదురు. కావలసిన నిలువుతీగలో సగము విద్యుత్తును, అడ్డతీగలో సగము విద్యుత్తును పంపుదురు. ఆ రెండు తీగలును కలిసిన చోటనున్న ఉంగరమునకు మాత్రమే పూర్తి విద్యుత్తు అందును గాన అదియొక్కటే దిశ మార్చుకొనును. ఆ తీగలమీదనే యున్న తక్కిన ఉంగరములకు సగము బలమే తగులును, అవి మారరాదు.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. సగము బలమునకు ఉంగరము పూర్తిగా మారకపోయినను కొంచెము కదలును. అట్టి చిన్న కదలికలన్నియు ఒకచోట చేరి చదువుతీగలో సడి పుట్టించును. ఏ ఉంగరములో 0, ఏ ఉంగరములో 1 ఉన్నవను దానినిబట్టి ఈ సడి పెరుగును, తగ్గును. అందుచేత చదరంగపు గళ్ళవలె 0, 1లను మార్చిమార్చి నింపి, సడి మిక్కుటమగునట్లు చేసి పరీక్షించెడివారు. స్మృతిని సుఖస్థితిలో గాక కష్టస్థితిలో పరీక్షింపవలెనను నియమము ఈనాటికిని చెల్లుచున్నది.

ఈ సందర్భమున చరిత్రలో ఒక విశేషము జరిగినది. ఉంగరముల స్మృతిని వర్ల్‌విండ్‌లో పెట్టుటకు ముందు, దానిని పరీక్షించుటకే ప్రత్యేకముగా ఒక గణకయంత్రమును నిర్మించిరి. దాని పేరే 'మెమరీ టెస్ట్ కంప్యూటర్', అనగా స్మృతిపరీక్షాయంత్రము. ఆ నిర్మాణభారమును వహించిన కెన్ ఓల్సెన్ 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ సంస్థను స్థాపించినవారిలో నొకడు. పరీక్షలో నెగ్గిన తరువాతనే, 1953 ఆగస్టులో, ఆ స్మృతి వర్ల్‌విండ్‌లో చేరినది. ఒక భాగమును పరీక్షించుటకు ఒక యంత్రమునే కట్టిరన్న, పరీక్షకు వారిచ్చిన విలువ తెలియగలదు.

మనదేశమున

భారతదేశమున ఈ విద్య ఆలస్యముగా రాలేదు. బొంబాయిలోని టాటా మౌలికపరిశోధన సంస్థయందు ఆర్. నరసింహన్ నాయకత్వమున యువకులు కొందరు స్వయముగా ఒక గణకయంత్రమును నిర్మించిరి. అది 1960లో లాంఛనముగా ప్రారంభమైనది. 1962లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానికి 'టిఫ్రాక్' అని నామకరణము చేసెను. దాని స్మృతియు ఫెర్రైట్ ఉంగరములదే. అందు ఒక్కొక్క మాట 40 బిట్ల పొడవు. అనగా 1,024 మాటలకే 40,960 ఉంగరములు కావలెను. వానిలో నొక్కటి పగిలినను ఆ మాట ఎన్నడును సరిగా చదువబడదు.

తెలుగుగడ్డమీద ఈ పరిశ్రమకు మూలపురుషుడు డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. ఎ. ఎస్. రావుగా ప్రసిద్ధుడైన ఆయన 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించెను. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ. సి. ఐ. ఎల్., ఏర్పడినపుడు దానికి ఆయనయే తొలి మేనేజింగ్ డైరెక్టరు. ట్రాంబేలోని భాభా అణుపరిశోధన కేంద్రమున రూపొంది 1969లో వెలువడిన టి. డి. సి.-12 మొదలుగా గల గణకయంత్రములను ఈ సంస్థ తయారుచేసినది. వానిలోను ఉంగరముల స్మృతియే యుండెను.

ఉంగరమునుండి చిప్పునకు

ఇంతలో స్మృతి స్వరూపమే మారిపోయినది. 1966లో ఐ. బి. ఎం. సంస్థలో రాబర్ట్ డెన్నార్డ్ ఒక్క ట్రాన్సిస్టరుతోను ఒక్క చిన్న కెపాసిటరుతోను ఒక బిట్టును నిలుపవచ్చునని ఊహించెను. 1968లో ఆయనకు పేటెంటు లభించెను. కెపాసిటరులో విద్యుదావేశమున్న 1, లేకున్న 0. 1970లో ఇంటెల్ సంస్థ 1103 అను చిప్పును అమ్మకమునకు పెట్టెను. అందు ఒక్కొక్క బిట్టుకు మూడు ట్రాన్సిస్టర్లు ఉండెడివి. మొత్తము బిట్లు 1,024. కొలదికాలములోనే ఉంగరములు మూలపడినవి.

ఈ చిప్పు చిల్లికుండ వంటిది. ఆవేశము నిరంతరము కారిపోవుచుండును. కావున ప్రతి అరను చదివి మరల నింపుచుండవలెను. నేటి చిప్పులలో సాధారణముగా 64 మిల్లీసెకనులలోపల అన్ని అరలకును ఒక తడవ ఈ పని జరుగును. అరలు చిన్నవైనకొలది వానిలో పట్టు ఆవేశము తగ్గినది. పొరుగు అర దగ్గరైనది. 1978లో ఇంటెల్ శాస్త్రజ్ఞులు మరొక వింతను వెల్లడించిరి. చిప్పును కప్పు పదార్థములో లేశమాత్రముగా నున్న రేడియోధార్మికమూలకములనుండి వెలువడు ఆల్ఫాకణములు అరలోని బిట్టును తిరుగవేయుచున్నవట.

బిట్లు తప్పుట అనివార్యమైనపుడు రెండు మార్గములు కలవు. మొదటిది తప్పును దిద్దుకొనుట. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రకటించిన సంకేతపద్ధతి ననుసరించి నేడు 64 బిట్లకు 8 బిట్లు అదనముగా చేర్చి, ఒక బిట్టు తప్పును యంత్రమే దిద్దుకొనునట్లు చేయుచున్నారు. రెండవది చెడిన అరలను ముందే పట్టుకొనుట. ఈ రెండు మార్గములలోను కృషిచేసినవాడు సుధాకర్ ఎం. రెడ్డి.

కవాతు పరీక్ష

సుధాకర్ రెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో ఎం. ఇ. పట్టమును, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున పిహెచ్.డి.ని పొందెను. 1968నుండి అచ్చటనే ఆచార్యపదవి నలంకరించెను. ఒక్క బిట్టు గాక ఒక కార్డు కార్డంతయు చెడిపోయినను తప్పును సవరించుకొనగల సంకేతములనుగూర్చి 1978లో ఆయన వ్యాసము వెలువడినది. పరీక్షావిధానములపై డాంగ్ సుక్‌తో కలసి 1980లో నొకటి, 1981లో నొకటి వ్యాసములు ప్రకటించెను.

వారిముందున్న చిక్కును లెక్కవేసి చూతము. చిప్పులో n అరలున్నవనుకొనుడు. ప్రతి అర 0 గానో 1 గానో ఉండును గాన మొత్తము స్థితులు 2 యొక్క n వ ఘాతము. 1,024 అరలకైనను ఆ స్థితులన్నియు పరీక్షించుటకు విశ్వముయొక్క ఆయుర్దాయము చాలదు. పోనీ, సహవాసదోషమును పట్టుటకు ప్రతి అరను తక్కిన ప్రతి అరతో జతపరచి చూచిన, n వర్గమంత పని యగును. నేటి 1 గిగాబిట్టు చిప్పులో సుమారు 107 కోట్ల అరలున్నవి. ఒక్కొక్క పనికి సెకనులో పదికోట్లవ వంతు పట్టునన్నను, n వర్గమునకు దాదాపు 365 సంవత్సరములు పట్టును!

ఈ దోషములను క్రమముగా నిర్వచించి, 1978లో రవీంద్ర నాయర్, సతీష్ తత్తే, జేకబ్ అబ్రహాం అనువారు 30n పనులతో ముగియు పరీక్ష నొకదానిని చూపిరి. సుక్, రెడ్డి 1981 వ్యాసములో ఇంకను క్లుప్తమైన రెండు పరీక్షల నిచ్చిరి. అవి నేడు 'మార్చ్ ఎ', 'మార్చ్ బి' అను పేర్లతో పాఠ్యగ్రంథములకెక్కినవి. మార్చ్ అనగా కవాతు. పరీక్షకుడు మొదటి అరనుండి కడపటి అరవరకు, మరల కడపటినుండి మొదటికి, ఒక్కొక్క అరవద్ద ఒకే వరుస పనులు చేయుచు నడచిపోవును.

మార్చ్ ఎ లో మొదట అన్ని అరలలోను 0 వ్రాయవలెను. రెండవ నడకలో క్రిందినుండి మీదికి పోవుచు ప్రతి అరలో 0 చదివి, 1, 0, 1 వరుసగా వ్రాయవలెను. మూడవ నడకలో అదే దిశను 1 చదివి, 0, 1 వ్రాయవలెను. నాల్గవ నడక మీదినుండి క్రిందికి; 1 చదివి, 0, 1, 0 వ్రాయవలెను. ఐదవది గూడ క్రిందికే. 0 చదివి, 1, 0 వ్రాయవలెను. మొత్తము అరకు 1, 4, 3, 4, 3 కలసి 15 పనులు. మార్చ్ బి లో 17 పనులు. పైన చెప్పిన గిగాబిట్టు చిప్పునకు మార్చ్ బి చేయుటకు పట్టు కాలము మూడు నిమిషములు మాత్రమే. 365 ఏండ్లెక్కడ, మూడు నిమిషములెక్కడ!

తరగతిలో చేయదగిన ప్రయోగము

రెండు దిశల నడక ఎందుకని విద్యార్థులు తప్పక అడుగుదురు. ఉపాధ్యాయులు దీనిని పలకలతోనే చూపవచ్చును. ఎనమండుగురు పిల్లలను వరుసగా నిలబెట్టి అందరిచేత పలకపై 0 వ్రాయించుడు. ఐదవవాడు 0 చెరిపి 1 వ్రాసినపుడెల్ల, మూడవవాడు తన పలకపై ఏమున్నను 1 వ్రాసికొనవలెనని ఆ ఇద్దరికి మాత్రము రహస్యముగా చెప్పుడు. ఇదియే సహవాసదోషము.

ఇపుడు మరియొక విద్యార్థిని పరీక్షకునిగా పంపుడు. అతడు మొదటివానినుండి పోవుచు ప్రతివాని పలకపై 0 ఉన్నదని చూచి 1 వ్రాయించును. ఐదవవానిని చేరునప్పటికి మూడవవాని పలకపై న్యాయముగనే 1 ఉన్నది, దోషము కనబడదు. అందరిచేతను మరల 0 వ్రాయించి, ఈ తడవ ఎనిమిదవవానినుండి వెనుకకు రమ్మనుడు. ఐదవవాడు 1 వ్రాయగానే మూడవవాడు దొంగతనముగా 1 వ్రాసికొనును. పరీక్షకుడు మూడవవానిని చేరి 0 ఉండవలసినచో 1 చూచును. దొంగ దొరకెను!

ఇంకను చిక్కైన సందర్భములు కలవు. మూడవవానిని ఐదవవాడు 1 చేయగా, ఆరవవాడు మరల 0 చేసినచో, ఒక దోషమును మరియొక దోషము కప్పిపుచ్చును. ఒకచోట 1, 0, 1 అని మూడుమారులు, మరియొకచోట రెండుమారులు వ్రాయుటలోని ఆంతర్యము ఇట్టి ముసుగుదోషములను బయటపెట్టుటయే. మూడవవాని చెవిలో మాట మార్చి, ఏ నడకలో ఏ దోషము దొరకునో పిల్లలచేతనే కనుగొనజేసిన, అది మంచి గణితాభ్యాసము కాగలదు.

బహిరంగవిద్య

ఈ పరీక్షలు పత్రికలో ప్రకటింపబడినవి. ఎవరైనను చదివి, తప్పున్న చూపి, మెరుగుపరచవచ్చును. 1994లో క్రిస్ బ్రేడీ 'మెమ్‌టెస్ట్86' అను పరీక్షాప్రోగ్రామును మూలపాఠముతో సహా ఉచితముగా అందరికి విడిచెను. 2004లో దానినుండి 'మెమ్‌టెస్ట్86+' పుట్టి, ఈనాటికిని బహిరంగముగనే పెరుగుచున్నది. పల్లెటూరి పాఠశాలలోని పాత కంప్యూటరునైనను దీనితో పరీక్షింపవచ్చును.

పరీక్షయే గాక, స్మృతిపలక నిర్మాణము గూడ బహిరంగమగుచున్నది. చిప్పులను ఒక చిన్నపలకపై వరుసగా అమర్చి యంత్రములో గ్రుచ్చు పద్ధతి 1980 దశకమున వచ్చినది. దానికి తొలిరూపము నిచ్చినది ఉంగరముల నాటి ఆన్ వాంగ్ స్థాపించిన వాంగ్ లేబరేటరీస్ సంస్థయే. ఇట్టి పలకను మాడ్యూల్ అందురు. నేటి మాడ్యూల్‌పై సంకేతములు సమకాలమున చేరునట్లు రాగిదారుల పొడవులను జాగ్రత్తగా సరిచూడవలెను. విద్యుత్తు ఒడిదుడుకులు లేకుండ చిప్పుల సమీపమున కెపాసిటర్ల నుంచవలెను. పలక తన వేగమును, పరిమాణమును యంత్రమునకు తెలుపుకొనుటకు ఒక చిన్నచిప్పును పెట్టవలెను. పాత యంత్రములను కాపాడుకొను అభిరుచిగలవారు అట్టి పలకల చిత్తరువులను అందరికి విడుదలచేయుచున్నారు.

కాని చిత్తరువు బహిరంగమైనంతమాత్రమున పలక నమ్మదగినది కాదు. దీనికి నిదర్శనము 2014లో దొరకినది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకును ఇంటెల్‌కును చెందిన పరిశోధకులు 129 మాడ్యూళ్ళను పరీక్షింపగా, 110టిలో కొత్తజాతి సహవాసదోషము బయటపడినది. ఒక వరుస అరలను ఆగకుండ మరలమరల తెరచిన, ప్రక్కవరుసలోని బిట్లు తిరుగబడుచున్నవి. దీనికి 'రో హామర్' అని పేరు వచ్చినది. వరుసను సుత్తితో కొట్టినట్లన్నమాట. ఒక్కొక్కసారి చదివి వ్రాసి సాగిపోవు మామూలు కవాతునకు ఇది చిక్కదు.

తయారీదారులు తమ చిప్పులలో దీనికి విరుగుడు పెట్టితిమనిరి. అది ఎట్లు పనిచేయునో చెప్పలేదు. 2020లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు అట్టి 42 మాడ్యూళ్ళను పరీక్షింపగా 13టిలో దోషము ఇంకను ఉన్నట్లు తేలినది. దాచిన విరుగుడును బయటివారు సరిచూడలేరు గదా! 2021లో గూగుల్‌తో కలసి పోలండ్ దేశపు ఆంట్‌మైక్రో సంస్థ ఈ దోషమును పరీక్షించు సాధనమును ప్రకటించినది. దాని పలకల చిత్తరువులు, మెమరీని నడుపు భాగము, పరీక్షాప్రోగ్రాములు అన్నియు బహిరంగమే. 1953లో స్మృతిపరీక్షాయంత్రము ఒక సంస్థ ప్రయోగశాలలో నుండెను. నేడు దానివంటి సాధనమును నేర్పుగలవారెవరైనను కట్టుకొనవచ్చును.

మా పొరుగున నూజివీటిలో 2008లో ట్రిపుల్ ఐటీ ఏర్పడినది. పల్లెటూళ్ళ ఉన్నతపాఠశాలలలో చదివిన బాలబాలికలు అచ్చట ఇంజనీరింగు నేర్చుచున్నారు. చిప్పును తయారుచేయు కర్మాగారమునకు వేలకోట్ల రూపాయలు కావలెను. చిప్పును పరీక్షించు పద్ధతిని ఆలోచించుటకు కాగితము, పెన్సిలు, ఓపిక చాలును. పలకలు పట్టుకొని నిలిచిన పిల్లలలో నొకడు, "అయ్యా, ఈ కవాతుకు దొరకని దొంగను నేను తయారుచేయగలను" అన్నచో, ఆ ఉపాధ్యాయుడు సంతోషింపవలెను. ఈ శాస్త్రము పెరిగినది అట్టి ప్రశ్నలవలననే.

మాగిన కాయలను అమ్ముటకు ముందు గడ్డితీసి, అటునుండి ఇటును, ఇటునుండి అటును చూచు తోటమాలి, కొనువాని యెదుటనే ఆ పని చేసినచో నమ్మకము కలుగును. స్మృతియు అట్టిదే. చిప్పు మంచిదని చెప్పిన చాలదు. ఎట్లు చూచితిమో అందరికి చూపవలెను.